మోకాలి నొప్పితో, నడుము పట్టుతో 200 కిలోమీటర్ల బృంద సైకిల్ ప్రయాణానికి పన్నెండు వారాల్లో సిద్ధపడటం

మీరు రాసినదాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. మీ వయసు 47, బ్యాంకు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే పని. కుడి మోకాలి చిప్ప చుట్టూ రెండేళ్లుగా నొప్పి ఉంది. మెట్లు దిగేటప్పుడూ, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడూ బాగా తెలుస్తుంది. ఎముకల వైద్యుడు పరీక్షించి, చిప్ప వెనుక మృదులాస్థి కొద్దిగా అరిగిందనీ, సైకిలు మాననక్కరలేదనీ చెప్పారు. దానికి తోడు 50 కిలోమీటర్లు దాటేసరికి నడుము పట్టేస్తోంది. జనవరిలో హైదరాబాద్ నుంచి బయలుదేరే 200 కిలోమీటర్ల బ్రెవేకు (పోటీ కాకుండా, నిర్ణీత గడువులో పూర్తి చేయవలసిన దూర సైకిల్ ప్రయాణానికి) ఆరుగురు మిత్రులతో కలిసి పేరు నమోదు చేసుకున్నారు, ఇంకా పన్నెండు వారాల గడువుంది. పూర్తి చేయగలనా, మోకాలికి నీక్యాప్ వేసుకోవాలా, నొప్పి మాత్ర వెంట ఉంచుకోవాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను వైద్యుణ్ణి కాను. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి, వయసు 61. పదమూడేళ్లుగా దూర ప్రయాణాలు తొక్కుతున్నాను. 200, 300, 400, 600 కిలోమీటర్లను ఒకే సీజన్‌లో పూర్తి చేసేవారికి ఇచ్చే సూపర్ రాండొన్యూర్ గుర్తింపు రెండుసార్లు వచ్చింది. ఆ దూరాలన్నీ ఎడమ మోకాలిలో మీకున్నలాంటి నొప్పితోనే తొక్కాను కాబట్టి, ఆ అనుభవం మేరకు జవాబు చెబుతున్నాను. మీ వైద్యుడు అనుమతించారు కనుక మీరు ఈ ప్రయాణం చేయగలరనే నా నమ్మకం. అయితే మీ శ్రద్ధ అంతా దూరం మీద ఉంది, అసలు జాగ్రత్త పడవలసింది వేగం దగ్గర. బృందంలో తొక్కేవారి మోకాళ్లు దూరం వల్ల పాడైనదానికన్నా ముందువాడి వేగాన్ని అందుకోబోయి పాడైనదే ఎక్కువగా చూశాను. నా మోకాలికి జరిగిందీ అదే.

2016లో కర్నూలు రహదారి మీద 300 కిలోమీటర్ల ప్రయాణం అది. కొత్తకోట దాటి వెనక్కి తిరిగాక ఎదురుగాలి మొదలైంది. నాకన్నా పదేళ్లు చిన్నవాళ్లు నలుగురు వరసగా వెళుతుంటే, వాళ్ల వెనుక ఉంటే గాలి తగలదు కదా అని వాళ్ల వరసలో చేరాను. గాలి తగలలేదు గానీ, ప్రతి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడూ వాళ్లు లేచి నిలబడి తొక్కేవారు, నేను కూర్చునే పెద్ద గేరు నొక్కి తొక్కేవాణ్ణి. జడ్చర్లకు ఇరవై కిలోమీటర్ల దూరంలో చిప్ప కింద సూదితో గుచ్చినట్టు మొదలైంది. ఒక దాబా దగ్గర ఆగి, ఎవరో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకున్నాను. అరగంటలో నొప్పి పోయింది, మిగిలిన దూరం హాయిగా తొక్కి గడువులోపే పూర్తి చేశాను. మర్నాడు ఉదయం మంచం దిగి కాలు నేల మీద పెడితే మోకాలు వంగలేదు. చిప్ప ఆకారమే కనిపించనంత వాపు. ఏడు వారాలు సైకిలు ముట్టలేదు. ఆ నలుగురి తప్పు అందులో ఏమీ లేదు, నేను వాళ్ల వెనుక ఉన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. ఆ రోజు నేను నా వేగంతో ఒంటరిగా వచ్చి ఉంటే గంట ఆలస్యంగా, ఆరోగ్యంగా చేరేవాణ్ణి. గడువు అప్పటికీ మిగిలే ఉండేది.

అందుకే ముందు గడువు లెక్క చూడండి. 200 కిలోమీటర్ల బ్రెవేకు ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే తొక్కడానికి పది గంటలు పడుతుంది, ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. 18 కిలోమీటర్ల చొప్పున తొక్కినా దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు మిగులుతాయి. అంటే మీ మిత్రులు 25తో పోతున్నారని మీరూ 25తో పోవలసిన అగత్యం ఏ దశలోనూ లేదు. పైగా చదునైన దారిలో, గాలి నిలిచి ఉన్నప్పుడు, 20 నుంచి 25కు పెరిగితే గాలిని చీల్చుకుపోవడానికి పట్టే శక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే ఆ శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. ఆ రెట్టింపు శక్తిని మీ తొడ కండరం మోకాలి చిప్ప మీదుగానే పెడల్‌కు పంపాలి.

ఇంకో లెక్క కూడా చూడండి. నిమిషానికి 85 చుట్ల చొప్పున పది గంటలు తొక్కితే ఒక్కో కాలు 51,000 సార్లు వంగి లేస్తుంది. సీటు ఒక సెంటీమీటరు తక్కువగా ఉండటం ఆఫీసుకు వెళ్లే దారిలో మీకు తెలియకపోవచ్చు. అదే లోపం 51,000 సార్లు తిరిగి జరిగితే మోకాలు తప్పకుండా చెబుతుంది. అందువల్ల వ్యాయామాలకన్నా, దూరం పెంచడంకన్నా ముందు సైకిలును మీ ఒంటికి సరిచేసుకోవాలి.

దానికీ ముందు, తొక్కకూడని నొప్పులు ఏవో తెలిసి ఉండాలి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగిపోతున్నా, నడుస్తుంటే ఒక్కసారిగా మడతపడి కూలబోతున్నా సైకిలు పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి. నడుము నొప్పి పిరుదు మీదుగా మోకాలు దాటి పాదం దాకా పాకుతున్నా, పాదంలో తిమ్మిరి ఉన్నా, కాలి బొటనవేలు పైకి ఎత్తడంలో బలం తగ్గినా అది నరానికి సంబంధించిన విషయం. మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో బరువు గురించి వేరే చెప్పనక్కరలేదు. మీరు వర్ణించినవాటిలో ఇవేవీ లేవు కాబట్టే మిగతాది రాస్తున్నాను.

ఇక సీటు. సైకిలును గోడకు ఆనించి, సీటు మీద నిటారుగా కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి దించి దాని మీద మడమ పెట్టండి. అప్పుడు కాలు సరిగ్గా నిటారు కావాలి, అలాగని తుంటి పక్కకు వాలకూడదు. అలా ఉంటే, పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు అట్టడుగున సుమారు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉంటుంది. ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే, చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా ఆనించి, దాని పైఅంచు నుంచి నేలదాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, రెండు పెడల్ చేతులూ (క్రాంకులు) తిరిగే నడి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. 82 సెంటీమీటర్ల కాలికి అది సుమారు 72.4 సెంటీమీటర్లు. ఈ రెండు పద్ధతులూ మొదలుపెట్టడానికి మాత్రమే. తుది తీర్పు మోకాలిది. చిప్ప ముందు నొప్పి ఉంటే సీటు బహుశా తక్కువగానో, మరీ ముందుకో ఉంది. మోకాలి వెనుక గుంతలో లాగుతుంటే బహుశా ఎక్కువగా ఉంది. మీది ముందు నొప్పి కనుక, కొలవకుండానే మీ సీటు తక్కువగా ఉందని పందెం కాయగలను. మన దగ్గర సైకిలు అమ్మేవారు చాలామంది, ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించేసి ఇస్తారు. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనితే అది తొక్కడానికి సరైన ఎత్తు కాదు. ఆగేటప్పుడు సీటు దిగి ముందుకు రావడం అలవాటు చేసుకోవాలి.

సీటును ఒకేసారి మార్చకండి. మూడు మిల్లీమీటర్లు పెంచి, మూడు నాలుగు రోజులు తొక్కి, మళ్లీ మూడు పెంచండి. సీటు గొట్టం మీద ఇన్సులేషన్ టేపుతో గుర్తు పెట్టుకుంటే, పంక్చర్ వేసే చోట ఎవరైనా దించినా మీ కొలత పోదు. ఒకేరోజు సీటు ఎత్తు, హ్యాండిల్, బూట్లను పెడల్‌కు పట్టించే క్లీట్లు మూడూ మార్చితే ఏది మేలు చేసిందో, ఏది హాని చేసిందో ఎప్పటికీ తెలియదు. ప్రయోగశాలలో విద్యార్థులకు నేను మొదట చెప్పిన సూత్రం ఇదే, మోకాలి విషయంలోనూ దీన్ని ఒక్కసారి కూడా తప్పలేదు.

గేర్ల సంగతి మీ మోకాలికి సీటంత ముఖ్యం. ఒకే వేగంతో పోతున్నప్పుడు నిమిషానికి 60 చుట్లతో తొక్కేవాడు, 85 చుట్లతో తొక్కేవాడికన్నా ప్రతి చుట్టుకూ దాదాపు 40 శాతం ఎక్కువ బలం నొక్కవలసి వస్తుంది. ఆ బలం చిప్పను తొడ ఎముకకు అదుముతుంది. అందుకే తేలిక గేరులో కాళ్లు చురుగ్గా తిరగాలి. మొదట్లో ఎగిరెగిరి పడుతున్నట్టు అనిపిస్తుంది, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. పదిహేను సెకన్లలో ఒక కాలు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు, మీటరు కొననక్కరలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గాక గేరు మార్చడం కాకుండా, ఎత్తు మొదలవకముందే రెండు గేర్లు తగ్గించండి. వెనుక చక్రానికి ఇప్పుడున్న అతి పెద్ద పళ్ల చక్రం 25 లేదా 28 పళ్లదైతే, 32 లేదా 34 పళ్లది పడుతుందేమో మీ మెకానిక్‌ను అడగండి. ఖరీదైన కార్బన్ భాగాలకన్నా ఈ మార్పు మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

నడుము గురించి. 50 కిలోమీటర్ల తర్వాత పట్టేయడానికి సాధారణంగా రెండు కారణాలు కలిసి ఉంటాయి. ఒకటి, హ్యాండిల్ మరీ దూరంగా, మరీ కిందికి ఉండటం. రెండోది, రోజంతా కూర్చునే ఉద్యోగం వల్ల తుంటి ముందు కండరాలూ తొడ వెనుక కండరాలూ బిగుసుకుని, వంగవలసిన పని తుంటి దగ్గర జరగకుండా నడుము దగ్గర జరగడం. అద్దం ముందు నిలబడి, వీపు తిన్నగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే వంగి చూడండి. ఎక్కడ వీపు గుండ్రం కావడం మొదలవుతుందో, సైకిలు మీద మీ హద్దు అంతే. హ్యాండిల్‌ను దానికి తగ్గట్టు పైకి ఎత్తాలి. స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిలుకు కలిపే ముక్క) కింద రింగులు వేయవచ్చు, లేదా స్టెమ్‌ను తిరగేసి బిగిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు వస్తుంది, లేదా పొట్టి స్టెమ్ వేయించవచ్చు. పోటీల్లో తొక్కేవారి ఫోటోలు చూసి హ్యాండిల్ దించుకోకండి. తొక్కేటప్పుడు మోచేతులు కొద్దిగా వంచి ఉంచాలి, ప్రతి పదిహేను నిమిషాలకు ఒకసారి పది సెకన్లు లేచి నిలబడి తొక్కాలి. నేను ఫోనులో గంట కూడా పెట్టుకోను. రాయి మీద కిలోమీటర్లు చూసి ప్రతి ఐదుకూ ఒకసారి లేస్తాను.

టైర్లలో గాలిని కూడా చూడండి. రాయిలా గట్టిగా ఉంటే వేగం అనే నమ్మకంతో చాలామంది 100 పీఎస్‌ఐ దాకా కొడతారు. గరుకు రోడ్డు మీద అది అరచేతుల నుంచి నడుముదాకా ప్రతి గులకరాయినీ చేరవేస్తుంది. 32 మిల్లీమీటర్ల టైరు పట్టే సైకిలైతే, మధ్యరకం బరువున్నవారికి సుమారు 60 నుంచి 65 పీఎస్‌ఐ సరిపోతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందని అర్థం. చేతులు పెట్టే చోటు తరచూ మార్చండి. కూర్చునే చోట తిమ్మిరి వస్తే సీటు ముక్కు పైకి లేచి ఉందేమో, కూర్చునే ఎముకలకు సీటు వెడల్పు సరిపోతోందో లేదో చూడండి. మెత్తటి జెల్ కవరు దీనికి పరిష్కారం కాదు, ఎముకలు అందులో దిగబడి నరాలను ఇంకా నొక్కుతాయి.

వ్యాయామాలకు వారంలో మూడు రోజులు, రోజుకు పాతిక నిమిషాలు చాలు. ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లి, మీ మోకాలి చిప్ప కదిలే తీరు, తుంటి బలం చూపించుకుని, ఈ కిందివాటిని వారి ఎదుట చేసి దిద్దించుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే బ్రిడ్జి, పక్కకు పడుకుని పై మోకాలును తెరిచే వ్యాయామం, తిన్నగా చాపిన కాలును జానెడు ఎత్తి పట్టుకోవడం, ఆరంగుళాల మెట్టు మీద నిలబడి ఒక కాలితో నెమ్మదిగా దిగడం. ఈ చివరిది మీ మోకాలికి పరీక్ష, మందు రెండూను. దిగేటప్పుడు మోకాలు బొటనవేలి వైపు లోపలికి వాలుతుంటే, లోపం మోకాలిలోనే కాదు, బహుశా పిరుదు పక్క కండరం బలహీనంగా ఉంది. నా విషయంలో అదే తేలింది. రెండేళ్లు మోకాలికి నూనె మర్దన చేసుకున్నాను, బలం చేకూర్చవలసింది తుంటికి అని ఎవరూ చెప్పలేదు. నడుముకు కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు నేటికీ రోజూ చేస్తాను: ఒక మోకాలు మడిచి, నడుము కింద అరచేతులు పెట్టుకుని తలా భుజాలూ కొద్దిగా మాత్రమే లేపడం, పక్కకు మోచేతి మీద వంతెనలా నిలవడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురుబొదురు చేయీ కాలూ చాపడం. ఒక్కోసారి పది సెకన్లు నిలపాలి, ఊపిరి బిగబట్టకూడదు.

తొక్కే దూరం పెంచడానికి ముందు ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ప్రతి ప్రయాణంలో నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో, ఆ రాత్రి ఎంత, మర్నాడు ఉదయం మెట్లు దిగేటప్పుడు ఎంత అని మూడు అంకెలు వేయండి. తొక్కుతుండగా మూడు లోపు ఉండి, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోతే ఆ దూరం మీ మోకాలు ఒప్పుకున్నట్టే. నాలుగు ఐదు దాకా పోయినా, మర్నాడు కూడా దిగకపోయినా తర్వాతి వారం అదే దూరంలో ఉండాలి, లేదా తగ్గాలి. నొప్పి సున్నా కావాలని ఎదురు చూస్తే మీరు ఎప్పటికీ బయలుదేరలేరు. ఏడుతో తొక్కితే మాత్రం నాలా ఏడు వారాలు ఇంట్లో కూర్చుంటారు.

మొదటి మూడు వారాలు దూరం ఊసే వద్దు: వారానికి నాలుగు రోజులు 20, 25 కిలోమీటర్లు, ఆదివారం 40 దాటకుండా, సీటు సరిచేసుకుంటూ. నాలుగో వారం ఇంకా తగ్గించండి. ఆ తర్వాత ఆదివారాలు 60, 75, 90; ఎనిమిదో వారం మళ్లీ 50కి దిగి, తొమ్మిదో వారం 110, పదో వారం 135. పదకొండో వారం 70 మించవద్దు. చివరి వారం రెండుసార్లు 25 తొక్కి, ముందు రోజు పూర్తి విశ్రాంతి. 135 తొక్కిన శరీరం, గంటకు 19, 20 కిలోమీటర్లకు కట్టుబడితే 200 తొక్కగలదు. ఆ ముందు 170, 180 తొక్కి చూడాలన్న తొందర మోకాలిని అలిసిపోయినదానిగా బయలుదేరు గీత దగ్గరకు తెస్తుంది. తొలి వారాలకు నానక్‌రామ్‌గూడ దగ్గర మొదలయ్యే ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ చాలా అనువైన చోటు. 2023లో ప్రారంభమైన ఈ 23 కిలోమీటర్ల ట్రాక్‌కు పైన సౌర ఫలకాల కప్పు ఉంది, లారీలు లేవు, నొప్పి మొదలైన చోటే వెనక్కి తిరగవచ్చు. 75 దాటాక మాత్రం అసలు రోడ్డు మీదికి రండి. చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు వెళితే మర్రిచెట్ల నీడా ఉంటుంది, చివర అనంతగిరి ఎత్తులో మీ గేర్లకు పరీక్షా ఉంటుంది.

ఇప్పుడు మీ ఆరుగురు మిత్రుల సంగతి. నొప్పి ఉన్నవాళ్లు సాధారణంగా దాన్ని దాచి, ఎవరికీ అడ్డు కాకూడదని వరస చివర చేరతారు. మోకాలికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. ముందువాడు స్పీడ్‌బ్రేకర్ దగ్గర కొద్దిగా నెమ్మదించి మళ్లీ వేగం అందుకుంటే, ఆ తేడా వెనక్కి పోతూ పోతూ పెరిగి, ఏడోవాడు దాదాపు ఆగిపోయి, తర్వాత పరుగెత్తి అందుకోవలసి వస్తుంది. రోజంతా అలాంటి ఉరుకులు వందల్లో ఉంటాయి. అందుకని మీరు రెండో స్థానంలోనో, మూడో స్థానంలోనో ఉండండి. అక్కడ ముందువాడి గాలి చాటు వల్ల మీ శ్రమ దాదాపు పావు వంతు తగ్గుతుంది, వేగంలో మార్పులూ మెత్తగా అందుతాయి. ముందు నడిపే వంతు మీకు వచ్చినప్పుడు తీసుకోండి, కానీ వేగం పెంచకుండా మూడు నాలుగు నిమిషాల్లో పక్కకు తప్పుకోండి.

దీనికోసం మిత్రులతో ముందే కూర్చుని మాట్లాడాలి, ప్రయాణం ఉదయం కాదు, కనీసం నెల ముందు. నేనైతే ఇలా చెబుతాను: "నాకు మోకాలి నొప్పి ఉంది. చదునులో మీతోనే ఉంటాను. ఫ్లైఓవర్ల మీదా, ఎత్తుల్లోనూ నేను నా గేరులో నెమ్మదిగా ఎక్కుతాను, మీరు ఆగవద్దు, తర్వాతి కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర కలుద్దాం. అక్కడ పది నిమిషాలకు మించి నా కోసం చూడవద్దు." ఇలా చెప్పిన తర్వాత ఎత్తులో వెనుకబడితే మీకు బెరుకు ఉండదు, వాళ్లకు విసుగు ఉండదు. వేగం గంటకు ఎంతన్నది కూడా అంకెతో ఒప్పుకోవాలి; 'మెల్లగా' అనే మాటకు ఏడుగురికి ఏడు అర్థాలుంటాయి. మీ ఆదివారపు ప్రయాణాల్లో కనీసం మూడు వాళ్లతో కలిసి చేయండి. ఎవరు గుంతను చేత్తో చూపిస్తారో, ఎవరు చెప్పకుండా బ్రేకు వేస్తారో అప్పుడే తెలుస్తుంది.

నొప్పి మాత్ర గురించి నా అభిప్రాయం గట్టిది: వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు రక్తం అందే తీరును దెబ్బతీస్తాయి. గంటల తరబడి చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ముప్పు పెరుగుతుంది. రక్తపోటు మందులు వాడేవారికి ఇంకా పెరుగుతుంది. దానికి మించి, మీకు ఆగమని చెప్పే ఒకే ఒక్క గొంతును అది నొక్కేస్తుంది. ఏ మాత్రైనా మీ వైద్యుణ్ణి అడగకుండా తొక్కే రోజున వేసుకోకండి. నీక్యాప్ విషయంలో అంత పట్టింపు లేదు. అది అరిగిన చోటును బాగుచేయదు, కానీ వెచ్చదనం ఇస్తుంది, కొందరికి ధైర్యమూ ఇస్తుంది. అయితే మోకాలి వెనుక మడతలో ఒరుసుకుంటే 51,000 వంపులకు తోలు లేచిపోతుంది, కనుక 60 కిలోమీటర్లకు వేసుకుని చూశాకే నిర్ణయించుకోండి. జనవరి తెల్లవారుజామున మాత్రం మోకాళ్లను ఏదో ఒకదానితో కప్పండి, ఎండ వచ్చాక తీసేయండి. తొలి పది కిలోమీటర్లు ఎవరేమన్నా తేలిక గేరులోనే.

తిండి లోపించినా నొప్పి పెరుగుతుంది, అలిసిన తొడ కండరం చిప్పను సరిగ్గా పట్టి ఉంచలేదు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. ఇడ్లీలు, పెరుగన్నం, ఖర్జూరాలు, పల్లీ పట్టీ మన కడుపులకు అలవాటైనవి. దారిలో పూరీ, వడ జోలికి పోకండి. ఆకలి వేసేదాకా ఆగకుండా ప్రతి అరగంటకూ కొంచెం తినాలి. నీళ్లు ఎన్ని తాగాలో తెలియాలంటే ఒక ఆదివారం తొక్కడానికి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు లోటు. వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రమాదం. లీటరు నీళ్లలో ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలపండి, లేదా ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకుని కొనకండి; ఆ పేరును అలాంటి పానీయాలకు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది, దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్. మందుల దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ముద్రించి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి.

ఆ రోజున ఎక్కడ విరమించాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. నొప్పి ఐదు దాటితే ఆగి, సీటు గుర్తు జరగలేదని చూసుకుని, పదిహేను నిమిషాలు కాలు చాపి కూర్చుని, తేలిక గేరులో మళ్లీ మొదలుపెట్టండి. అయిదు కిలోమీటర్ల తర్వాత కూడా తగ్గకపోతే, నడకలో కుంటు కనిపిస్తే, అక్కడితో విరమించి నిర్వాహకులకు ఫోను చేసి చెప్పండి. చెప్పకుండా ఇంటికి పోతే వాళ్లు రాత్రంతా మీ కోసం వెతుకుతారు. బ్రెవే నియమాల ప్రకారం దారిలో మీ వెంట సహాయ వాహనం ఉండకూడదు, కంట్రోళ్ల దగ్గర మాత్రమే సాయం తీసుకోవచ్చు. అయితే విరమించినవారికి ఆ పట్టింపు లేదు. అందుకని ఇంట్లో ఒకరికి దారి పటం ఇచ్చి, కారులో ముందు చక్రం ఊడదీసి సైకిలు ఎలా పెట్టాలో చూపించండి. లేదా ఆ రూట్లో తిరిగే ట్రాలీ ఆటోవాళ్ల నంబర్లు రెండు తీసుకోండి. బస్సు స్టాండు ఉన్న ఊరిదాకా మెల్లగా చేరగలిగితే, ఆర్టీసీ బస్సు డిక్కీలో చక్రాలు విప్పిన సైకిలు పడుతుంది, కండక్టరును ముందుగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. దానికి రెండు పాత దుప్పటి ముక్కలు, నాలుగు తాళ్లు, ఒక ఆరో నంబరు అలెన్ కీ సీటు సంచిలో ఉంచుకోండి.

ఈ ఆదివారం సీటు కొలిచి, ఇప్పుడున్న ఎత్తూ మీ కాలి కొలతా ఇక్కడ రాయండి. ముందు దాన్ని సరిచేద్దాం, తర్వాత గేర్లు చూద్దాం.